పొత్తిగుడ్డల లెక్క
పసిబిడ్డకు కొనాల్సినవేవి, కొనకపోయినా జరిగేవేవి: ఒక సమీక్ష

పిల్ల పుట్టకముందే కుల్ల కుట్టకూడదని సామెత. కడప జిల్లా చాపాడు చుట్టుపక్కల ఊళ్లలో దీన్ని సామెతగా వదిలేయలేదు, కట్టుబాటుగా పాటిస్తారు. తొమ్మిదో నెల నిండినా బిడ్డ కోసం ఒక్క గుడ్డ ముక్క కొనరు, దిష్టి తగులుతుందని భయం. ఆ భయం వెనుక పాతకాలపు దుఃఖం ఉంది. పుట్టిన బిడ్డ దక్కుతుందో లేదో తెలియని రోజుల్లో ఆశను అదుపులో పెట్టుకోవడానికి పెద్దలు వేసుకున్న కట్ట అది. కాబట్టి నవ్విపారేయాల్సిన పని లేదు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, కట్టుబాటు మిగిలింది గాని కాలం మారింది. ఇప్పుడు కాన్పు ప్రొద్దుటూరులో ఏదో ఒక ఆసుపత్రిలో అవుతుంది. రాత్రి బిడ్డ పుడితే తెల్లారేసరికి తండ్రీ మేనమామా ఎదురుగా ఉన్న ఫ్యాన్సీ షాపు ముందు నిలబడతారు. నిద్ర లేదు, సంతోషం ఆగదు, జేబులో డబ్బుంది. షాపాయన గులాబీ రంగుదో నీలం రంగుదో ఒక పెట్టె చేతిలో పెడతాడు. అందులో పౌడరు, నూనె, సబ్బు, దువ్వెన, టోపీ, మేజోళ్లు, చేతి తొడుగులు, ఒక పాలసీసా. పది నిమిషాల్లో బేరం తెగిపోతుంది. తొమ్మిది నెలలు ఆలోచించే వ్యవధి ఉండి కూడా, తీరా పదినిమిషాల్లో ఎదుటివాడు కట్టిచ్చిన జాబితాను ఇంటికి తెచ్చుకుంటాం.

ఆ పెట్టెలో ఏది పనికొస్తుంది, ఏది అటకెక్కుతుంది, ఏది అసలు ఇంట్లోకే రాకూడదు? ఒక్కొక్కటే చూద్దాం.

ప్రభుత్వాలు కట్టిన మూటలు

పసిబిడ్డకు ఏమేం కావాలన్న ప్రశ్నకు ప్రభుత్వాలు కూడా జవాబు చెప్పాయి. తమిళనాడు 2015లో అమ్మ బేబీ కేర్ కిట్ పేరుతో 16 వస్తువుల సంచి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ఎన్టీఆర్ బేబీ కిట్ వచ్చింది. 2017 జూన్‌లో తెలంగాణ కేసీఆర్ కిట్ మొదలుపెట్టింది. అందులోనూ 16 వస్తువులే, విలువ సుమారు 2,000 రూపాయలు. ఈ మూటల్లో కనిపించేవి దోమతెర ఉన్న చిన్న పరుపు, తువ్వాలు, బట్టలు, సబ్బు, నూనె, పౌడరు, ఒక గిలక. కేసీఆర్ కిట్‌లో తల్లికి చీరలు కూడా చేర్చారు.

వీటన్నిటికీ పెద్దక్క ఫిన్లాండ్ పెట్టె. 1938లో పేద తల్లుల కోసం మొదలై, 1949 నుంచి తల్లులందరికీ వర్తించింది. అట్టపెట్టె అడుగున చిన్న పరుపు ఉంటుంది. సామాను తీసేస్తే ఆ పెట్టే బిడ్డకు మొదటి పడక. తొలినాళ్లలో అందులో కుట్టిన బట్టలకు బదులు బట్ట ముక్కలు పెట్టేవారు, తల్లులే కుట్టుకునేవారు. తర్వాత్తర్వాత తల్లిపాలకు అడ్డు రాకూడదని పాలసీసాను తీసేశారు. వాడి పారేసే డైపర్లను ఒక దశలో తీసేసి, మళ్లీ గుడ్డ లంగోటీలు పెట్టారు. ఎనభై ఏళ్లకు పైగా జాబితాను దిద్దుకుంటూ వస్తున్న దేశం చివరికి తేల్చింది ఇది: పడుకోను చదునైన చోటు, ఒంటికి మెత్తటి గుడ్డ, తల్లిపాలకు పోటీ రాని సామాను.

మన కిట్లలో దోమతెరకు నూటికి నూరు మార్కులు. పౌడరు ఎందుకు చేర్చారో అర్థం కాదు. దాని సంగతి కాసేపట్లో.

గుడ్డలు: పాతవే కొత్తవి

చాపాడులో ఏ అవ్వనడిగినా మొదటి మాట ఇదే: "కొత్తగుడ్డలు ఎందుకుమా, పాత నూలు చీర చింపి పెట్టుకో. బిడ్డ వొళ్లు కోసకపోతాది." చర్మం తెలిసిన డాక్టరు కూడా ఇదే చెబుతారు, మాటలే వేరు. కొత్తబట్టలో గంజి ఉంటుంది, రంగు ఉంటుంది, కుట్టు మొరటుగా ఉంటుంది. యాభైసార్లు ఉతికిన నూలుచీరలో ఆ మూడూ పోయి ఉంటాయి. పొత్తిళ్లకు, లంగోటీలకు, కింద పరిచే బొంతకు దానికి మించిన సరుకు ప్రొద్దుటూరు బట్టల బజారంతా వెదికినా దొరకదు.

కొనాల్సింది ముందు ముడివేసే జుబ్బాలు ఆరేడు. తల మీదుగా దూర్చే చొక్కాలు మొదటి నెలలో తల్లికీ బిడ్డకూ నరకం. జరీ అంచు గౌన్లు, కాలర్ల చొక్కాలు చూసిపోయే బంధువులు ఎలాగూ తెస్తారు, అవి రెండుసార్లు తొడిగేసరికి పొట్టివైపోతాయి. ఉన్ని స్వెట్టర్ల విషయంలో నెల చూసి కొనాలి. ఏప్రిల్, మే నెలల్లో కడప ఎండ నలభై డిగ్రీలు దాటే చోట టోపీ, మేజోళ్లు, దుప్పటి అన్నీ చుట్టి బిడ్డను ఉడకబెడుతుంటారు. మెడమీద చెమటకాయలు లేస్తే గాని ఎవరికీ తెలియదు. పుట్టిన మొదటి గంటల్లో వెచ్చదనం చాలా ముఖ్యం, నిజమే. కాని దానికి తల్లి ఒంటికి మించిన దుప్పటి లేదు. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలక, నెల తక్కువ బిడ్డలను తల్లుల రొమ్ముకు ఆనించి కట్టడం మొదలుపెట్టారు. ఇవాళ ప్రపంచమంతా కంగారూ సంరక్షణ అని పిలిచేది దాన్నే. రెండున్నర కిలోలకన్నా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు ఇది మందుతో సమానం. దీనికి కావలసిన సామాను ఒక పంచె ముక్క.

డైపర్ల సంగతి లెక్క వేసి చూద్దాం. పసిబిడ్డకు రోజుకు ఎనిమిది అనుకుందాం, ఒక్కోటి పది రూపాయలనుకుందాం. రోజుకు 80, నెలకు 2,400. మొదటి కాన్పుకు ప్రధానమంత్రి మాతృవందన పథకం కింద తల్లికి వచ్చేది 5,000 రూపాయలు. ఆ సొమ్ము మొత్తం 62 రోజుల డైపర్లకు సరి! తల్లి గుడ్లకు, పాలకు రావాల్సిన డబ్బు చెత్తకుప్పకు పోతుందన్నమాట. ఇరవై నాలుగు గుడ్డ లంగోటీలుంటే వానాకాలంలో కూడా సర్దుకోవచ్చు. రాత్రి పూటకు ఒకటి, టీకాకో ఊరికో బయల్దేరినప్పుడు ఒకటి డైపరు వాడితే తప్పులేదు. ఉతికే చేతులు లేని ఇంట్లో, ఆపరేషన్ అయిన తల్లి ఒక్కతే ఉన్న ఇంట్లో ఇంకొన్ని వాడినా తప్పు పట్టకూడదు. గుడ్డకు ఇంకో లాభముంది. అయిదో రోజు దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా తడిపితే తల్లిపాలు చాలుతున్నట్టు గుర్తు. గుడ్డయితే ఆ లెక్క తీగ మీద ఆరేసినప్పుడే తెలుస్తుంది. అన్నీ పీల్చేసుకునే డైపరులో ఆ లెక్క దాగిపోతుంది. "పాలు చాలడం లేదేమో" అన్న అనుమానంతో డబ్బాపాలు మొదలయ్యే ఇళ్లలో ఈ లెక్క విలువ చిన్నది కాదు.

పడక, ఉయ్యాల, దోమతెర

చాపాడుకు కేసీ కాలువ నీళ్లున్నాయి, వరిమళ్లున్నాయి, కాబట్టి దోమలున్నాయి. బిడ్డ కోసం డబ్బు పెట్టి కొనాల్సిన మొదటి వస్తువేదంటే నా జవాబు గొడుగులా విప్పే దోమతెర. పసిబిడ్డ ఉన్న గదిలో దోమల చుట్టలు కాల్చి పొగ పెట్టడం కన్నా, ఒంటికి మందు పూయడం కన్నా ఇది మేలు. రాత్రి నిద్రకే కాదు, పగటి నిద్రకూ వేయాలి. డెంగీ దోమ ఎక్కువగా కుట్టేది పగలే.

పరుపు చదునుగా, కాస్త గట్టిగా ఉంటే చాలు. నులక మంచం మీద మడిచిన బొంత వేస్తే ఆ పని జరుగుతుంది. దిండు అక్కర్లేదు. తల గుండ్రంగా వస్తుందని ఆవాల దిండ్లు, నడుమ గుంట ఉన్న దిండ్లు అమ్ముతారు. పసిబిడ్డ పక్కన దిండు, మెత్తటి బొమ్మ, బరువైన దుప్పటి ఉంటే ముక్కుకు అడ్డం పడి ఊపిరి ఆగే ప్రమాదముంది. వెల్లకిలా పడుకోబెట్టమని అమెరికా 1994లో ఊరూరా ప్రచారం మొదలుపెట్టాక అక్కడ నిద్రలో పోయే పసిబిడ్డల సంఖ్య బాగా తగ్గింది. తొట్టెలకు కట్టే మెత్తటి అంచుల అమ్మకాన్ని, ఏటవాలు పడకల అమ్మకాన్ని 2022లో చట్టం చేసి నిషేధించింది. అలాంటి సరుకు మన దగ్గర ఆన్‌లైన్‌లో ఇంకా అందంగా కనిపిస్తూనే ఉంది.

ఇక చీర ఉయ్యాల. చేని గట్టున వేపచెట్టుకు కట్టి, కూలి పనిచేసుకుంటూ కంటి కొసన బిడ్డను చూసుకునే తల్లికి దాన్ని వద్దని చెప్పే హక్కు నాకు లేదు. అది ఆమెకు సెలవు ఇవ్వని లోకంలో ఆమె చేసుకున్న ఏర్పాటు. కొన్ని జాగ్రత్తలు చెప్పొచ్చు. పైన చీర రెండు అంచుల నడుమ అడ్డకర్ర పెడితే గుడ్డ మొహం మీద మూసుకోదు. బిడ్డ గడ్డం రొమ్ముకు ఆని ముడుచుకుపోకుండా చూసుకోవాలి. నేలకు దగ్గరగా కట్టాలి. రాత్రంతా అందులో వదలకూడదు. బిడ్డ బోర్లపడటం మొదలెట్టాక విప్పేయాలి. ఖాళీ ఉయ్యాలను మెలితిప్పి ఊగుతూ, మెడకు బిగుసుకుని పెద్దపిల్లలు చనిపోయిన వార్తలు మన పేపర్లలో వస్తూనే ఉన్నాయి. అందుకే బిడ్డ లేనప్పుడు దాన్ని పైకి ముడివేయాలి. వేలు పోసి స్ప్రింగు ఉయ్యాల కొనడమంటారా, ఆరునెలల మురిపెం. పక్కింట్లో ఉంటే అడిగి తెచ్చుకోండి.

సీసా కన్నా ఉగ్గుగిన్నె

షాపువాడిచ్చే పెట్టెలో ఇంట్లోకి రాకూడని వస్తువొకటుంది, పాలసీసా. ఇది నాకు తోచిన మాటే కాదు, దాని ప్రచారానికి దేశపు చట్టమే అడ్డు. 1992లో వచ్చి 2003లో మరింత బిగిసిన శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం ప్రకారం డబ్బాపాలకు, పాలసీసాలకు ప్రకటనలివ్వడం నేరం. తల్లులకు నమూనాలు పంచడం, ఆసుపత్రి వాళ్లకు కానుకలివ్వడం కూడా నేరమే. అమ్మడానికి ఊరేగించకూడదని చట్టం చెప్పిన వస్తువు కానుకల పెట్టెలో నడిబొడ్డున కూర్చుంటుంది.

సీసా తప్పు ఎక్కడుందంటే, పీక సందుల్లో పాలు పులుస్తాయి, ప్రతిసారీ మరిగించి కడగడం పల్లెలో గాని పట్నంలో గాని జరిగే పని కాదు. దాంతో విరేచనాలు. పైగా సీసా పీక రుచి మరిగిన బిడ్డ రొమ్ము పట్టడానికి మొరాయిస్తుంది.

మరి తల్లి రొమ్ము పట్టలేని బిడ్డకు ఎలా పట్టాలి? జవాబు మన అటక మీదే ఉంది, ఉగ్గుగిన్నె. ముక్కులా సన్నటి మూతి సాగిన ఆ చిన్న గిన్నెకు అక్కచెల్లెల్లాంటిదే, నవజాత శిశువుల వార్డుల్లో నర్సులు పిండిన తల్లిపాలు పట్టడానికి వాడే పలాడ. కడగడం సులువు, పీక ఉండదు. మేనమామ వెండి ఉగ్గుగిన్నె ఇస్తానంటే వద్దనకండి. కాని అందులో పోసేది మాత్రం మార్చాలి. వసకొమ్ము అరగదీసిన ఉగ్గు, ఆముదం, తేనె, చక్కెరనీళ్లు పోయకూడదు. వసలో ఉండే పదార్థం మంచిది కాదని అమెరికా 1968లోనే ఆహారంలో దాన్ని నిషేధించింది. తేనెలో ఉండగల క్రిములు ఏడాది నిండని బిడ్డకు కండరాలు చచ్చుపడే జబ్బు తెస్తాయి. మాటలు రావడానికి వస అక్కర్లేదు, వినిపించే ఇల్లు చాలు. పుట్టిన గంటలోపు ముర్రుపాలు, ఆరునెలల దాకా తల్లిపాలే, మంచినీళ్లు కూడా వద్దు. కడప ఎండలో కూడా వద్దు.

ఆ మంచినీళ్ల వరుసలోనే గ్రైపు వాటరు కూడా ఉంటుంది. 1851లో ఇంగ్లండులో వుడ్‌వర్డ్ అనే ఆయన తయారుచేసిన ఈ సీసా మన ఇళ్లలో దాదాపు ఇంటిదేవత. పసిబిడ్డ సాయంత్రాల్లో ఏడవడం మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గుతుంది, పేరు మాత్రం సీసాకు వస్తుంది. గల్ఫు నుంచి వచ్చే చుట్టాలు తెచ్చే పాలపొడి డబ్బా మాట కూడా ఇక్కడే చెప్పాలి. పెద్దల టీలోకి అది భేషుగ్గా ఉంటుంది, పసిబిడ్డకు మాత్రం పట్టరాదు. డాక్టరు అవసరమని చెప్పినప్పుడు పసిపిల్లల కోసం చేసిన పొడి వేరే ఉంటుంది.

పాలు పిండే పంపు అందరికీ అక్కర్లేదు. బిడ్డ ఐసీయూలో ఉన్నప్పుడు, తల్లి ఉద్యోగానికి పోవాల్సినప్పుడు దాని అక్కర నిజం. చేత్తో పిండటం నర్సు ఒకసారి చూపిస్తే చాలామందికి వచ్చేస్తుంది.

స్నానం, పౌడరు, కాటుక

మొదటి స్నానం ఒకరోజైనా ఆగి చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తర్వాత గోరువెచ్చటి నీళ్లు, నీళ్లుపోసే అవ్వ కాళ్లు, ఒక మెత్తటి తువ్వాలు. కొబ్బరినూనె ఇంట్లో ఉన్నదే చాలు, మెల్లగా రుద్దితే చాలు. చెవుల్లో, ముక్కులో నూనె పోయడం, బొడ్డు మీద పసుపూ బూడిదా పెట్టడం మానాలి. బొడ్డు ఎంత పొడిగా ఉంటే అంత త్వరగా రాలుతుంది. సాంబ్రాణి వాసన మనకు హాయి, పది రోజుల ఊపిరితిత్తులకు అది పొగే.

పౌడరు సంగతి దాచిపెట్టాను కదా. పసిబిడ్డ దాన్ని పీల్చడం తప్ప పౌడరు వల్ల ఒరిగేదేమీ లేదు. ఒకప్పుడు పసిబిడ్డ వాసనంటే ఫలానా డబ్బా వాసన అనిపించిన జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థే టాల్క్ పౌడరును 2020లో అమెరికా, కెనడాల్లో, 2023లో ప్రపంచమంతటా ఆపేసింది. కాటుక కంట్లో పెట్టడం కన్నా దిష్టిచుక్క అరికాలి మీద పెట్టండి. అంగట్లో దొరికే కాటుకల్లో సీసం ఉండే అవకాశం ఉందనే అమెరికా వాటిని లోపలికి రానివ్వదు.

బంగారం బజారు, బొమ్మల బజారు

ప్రొద్దుటూరంటే బంగారం. బిడ్డ పుడితే మేనమామ వెండి మొలతాడు, కాళ్లకు కడియాలు, అమ్మమ్మ ఉంగరం పెట్టాల్సిందే. దీన్ని బిడ్డ ఖర్చు కింద రాయకండి. అది రెండిళ్ల మధ్య బంధుత్వపు ఖాతా, పొదుపు కూడా. పెట్టండి, ఫొటో తీయండి, తర్వాత బీరువాలో దాచండి. ఊడిపోయే మువ్వ, జారిపోయే ఉంగరం బిడ్డ గొంతులోకి పోతాయి. మెడలో తాడు మాత్రం ఏ పేరుతోనూ వద్దు.

మూడు నెలల దాకా బొమ్మలతో బిడ్డకు పని లేదు, తల్లి మొహమే బొమ్మ. ఆ తర్వాత కొంటే 2021 జనవరి నుంచి చాలావరకు బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, అది చూసి కొనండి. ఆకులూ గింజల రంగులతో చేసే ఏటికొప్పాక లక్కబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. చక్రాల వాకరు ఎవరైనా కానుకగా తెస్తే మర్యాదగా అటకెక్కించండి. అది నడక నేర్పకపోగా మెట్ల మీంచి, పొయ్యి మీదికి దొర్లిస్తుంది. కెనడా 2004లోనే దాని అమ్మకాన్ని నిషేధించింది.

జాబితాలో ఎవరూ రాయనివి

డిజిటల్ థర్మామీటరు ఒకటి కొనాలి. షాపువాడి పెట్టెలో అదుండదు. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 ఫారన్‌హీట్ గాని అంతకన్నా ఎక్కువ గాని ఉంటే పారాసిటమాల్ వేసి చూద్దామనుకోకుండా ఆసుపత్రికి పోవాలి. ఒళ్లు చల్లబడినా పోవాలి. మొదటి వారాల్లో డాక్టరు రాసే విటమిన్ డి చుక్కలు రోజుకు 400 యూనిట్లు. అదీ ఖర్చు పెట్టదగ్గదే. బరువు చూసే యంత్రం కొనక్కర్లేదు. ఆసుపత్రి కాన్పయితే మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికే వచ్చి చూడాలి. రాకపోతే అడగండి.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఈ జాబితా ఒకచోట మారుతుంది. అక్కడ కారు సీటు లేకపోతే బిడ్డను ఇంటికి తీసుకుపోవడమే కుదరదు. ప్రొద్దుటూరు నుంచి పురుడు పోయను వెళ్లే అమ్మమ్మలు సూట్‌కేసులో పాతచీరలు మాత్రం తప్పక పెట్టుకుపోతారు. ఇక్కడ బండి మీద తిరిగేవాళ్లకు చట్టం వేరే ఉంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా పిల్లలకు బండి మీద పట్టీ, హెల్మెటు 2023 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి. అంతకన్నా చిన్నబిడ్డను బండెక్కించకపోవడమే మంచిది. ప్రభుత్వాసుపత్రి కాన్పయితే ఇంటికి చేర్చడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది.

తేలిందేమిటి

అన్నీ కలిపితే ప్రొద్దుటూరు నుంచి తేవాల్సింది ఒక్క చేసంచి: దోమతెర, ఆరేడు జుబ్బాలు, కింద పరిచే రబ్బరు షీటు, రెండు మెత్తటి తువ్వాళ్లు, ఒక మామూలు సబ్బు, థర్మామీటరు, గోళ్లు తీసే చిన్న కత్తెర, ఒక చిన్న ప్యాకెట్ డైపర్లు. అరువు తెచ్చుకోదగ్గవి ఉయ్యాల, పంపు. పాలసీసా, పౌడరు, దిండు, వాకరు అంగట్లోనే వదిలేయాలి.

మిగిలిన డబ్బు ఎవరిదో మరిచిపోతాం. షాపు పెట్టెలో బిడ్డకు దువ్వెన ఉంటుంది, తల్లికి ఏమీ ఉండదు. బిడ్డ తినేది తల్లి తిన్నదే కదా. బాలింతకు మూడు నెలలు రోజూ గుడ్డు, పాలు, ఆకుకూర, పప్పు, రాగిసంగటి కడుపునిండా పెట్టండి. పథ్యం పేరుతో కారప్పొడి అన్నంతో సరిపెట్టకండి. ఆమె నిద్రపోను రెండు గంటలు ఎవరైనా బిడ్డను ఎత్తుకోవాలి. బిడ్డ కోసం పెట్టే ఖర్చులో ఇంతకన్నా గిట్టుబాటైంది నేను చూడలేదు.

పెద్దల కట్టుబాటును ఏం చేయాలంటారా? పుట్టకముందే కుల్ల కుట్టొద్దన్నారు, సరే. షాపుకు పోవద్దు, కొత్తగుడ్డ తాకొద్దు. ఎనిమిదో నెలలో ఇంట్లో ఉన్న పాత నూలుచీరలు నాలుగు దించి, ఉడకబెట్టి ఉతికి, ఎండలో ఆరేసి, మడిచి పెట్టుకోండి. కొనాల్సిన ఎనిమిది వస్తువులూ ఒక కాగితం మీద రాసి తండ్రి జేబులో పెట్టండి. ఇందులో దిష్టి తగిలేదేమీ లేదు. ఆ తెల్లవారుజామున షాపు ముందు నిలబడినప్పుడు ఆయన చేతిలో ఆ కాగితముంటుంది.